తొమ్మిది ఫొటోల్లో ఒకటే గడ్డం

మా బావకి వీధిలో ఉన్న పేరు ‘గడ్డంపైకి’. ఇరవై ఆరేళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతూ, రోజుకి ముప్ఫైసార్లు “కాస్త గడ్డం పైకి” అనే మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరు పెడతారు? ఒకసారి ఉత్తరాలు పంచే ఆయన కవరు మీద అసలు పేరు చదివి, ఇలాంటివాళ్ళెవరూ ఈ వీధిలో లేరే అని కవరు వెనక్కి పట్టుకుపోబోయాడు. నేనే ఆపాను.

నా కొట్టు ఆయన స్టూడియో పక్కదే. జిరాక్సు, లామినేషన్. రెండింటికీ మధ్య చెక్కగోడ, అందులో పలకంత కిటికీ. ఆ కిటికీలోంచి కత్తెర అటు వెళ్తుంది, జిగురు సీసా ఇటు వస్తుంది. మాటలైతే కిటికీ మూసినా వస్తాయి. మా అక్కని చేసుకున్న రోజు నుంచి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు దఖలు పడింది. దాన్ని నేను ఒక్కపూట కూడా వృథా పోనివ్వలేదు.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒకే గది, దాని వెనకే ఇల్లు. గోడకి తెల్లగుడ్డ. స్పాంజి బయటికి తొంగిచూసే ఎర్ర రెక్సిన్ స్టూలు. రెండు గొడుగుదీపాలు. అద్దం, దాని పక్కన దారంతో కట్టేసిన దువ్వెన. కట్టకపోతే జనం అలవాటుగా జేబులో వేసుకుని పోతారు. మేకుకి ఒక నల్లకోటు. బక్కవాడికి వెనకాల పిన్నులు పెట్టి, లావువాడికి వెనక కుట్టు విప్పి, ఆ ఒక్క కోటుతోనే ఊళ్ళో సగంమందికి ఉద్యోగపు ఫొటోలు తీశాడు. ముందునుంచి చూస్తే అందరూ ఆఫీసర్లే. వెనక సంగతి కెమెరాకి అక్కర్లేదు.

ఇక ఆయన కుడిచేతి గురించి చెప్పాలి. ఫొటో తీయగానే బావ కంప్యూటరు ముందు కూర్చుంటాడు. బొమ్మ తెరమీదికి వస్తుంది. నోరు ఏదో మాట్లాడుతూ ఉంటుంది, కరెంటు ఆఫీసువాళ్ళతో ఫోనులో తగాదా కావచ్చు, నా కొట్లో ఫ్యాను చప్పుడు మీద ఫిర్యాదు కావచ్చు. ఈలోగా చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. కళ్ళకింద సంచులు మాయం. పక్కకి నిక్కిన చెవి లోపలికి. జారిన గడ్డం ఒక పిసరు ముందుకి. అర నిమిషం కూడా పట్టదు. టచింగ్ చేశావా బావా అంటే, “అబ్బే, దుమ్ము తుడిచానంతే” అంటాడు. అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే తెలియదు. కొందరు ఆలోచిస్తూ మీసం తిప్పుతారు చూడండి, అలాగన్నమాట.

దాంతో మా ఊళ్ళో ఎవరి కార్డు చూసినా మనిషికంటే కార్డే బాగుంటుంది. మా వీధి కరెంటు మేస్త్రీ కార్డు చూసి కౌంటరులో గుమస్తా, మీ తమ్ముణ్ణి స్వయంగా రమ్మనండి అని చెప్పి పంపేశాడు. నా లైసెన్సు ఫొటోలో నాకు జుట్టు ఉంది. ఆ ఫొటో దిగడానికి నాలుగేళ్ళ ముందే ఆ జుట్టు నన్ను వదిలి వెళ్ళిపోయింది. నేను అభ్యంతరం చెప్పలేదు. వచ్చిన జుట్టుని ఎవరు వద్దంటారు?

ఇలాంటి మనిషికి ఒక్కతే కూతురు. పిట్ట అంటాం. అప్పుడు దానికి పదిన్నరేళ్ళు. పై పళ్ళు ముందుకి ఉండేవి. కొంచెం కాదు, కింది పళ్ళకీ పై పళ్ళకీ మధ్య చిటికెనవేలు పడుతుంది. పెదాలు మూయాలంటే కష్టపడి లాక్కోవాలి. బళ్ళో కుందేలు అనేవాళ్ళట. ఏడ్చిందేమో అనుకుని నేను బుజ్జగించబోతే, “కుందేలైతే పరుగులో ఫస్టు రావాలి కదా మామయ్యా, నేను లాస్టు. వాళ్ళకి కుందేలంటే తెలీదు” అంది.

అలా లాస్టు పరుగెత్తుతూనే ఒకరోజు బడి మెట్లమీద పడింది. అన్నిటికంటే ముందున్నవి పళ్ళు కాబట్టి దెబ్బ వాటికే తగిలింది. ఒక పన్ను కొస విరిగింది. అలా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి చేరాం. చేరాం అని ఎందుకంటున్నానంటే, బావకి సూది వాసన పడదు, ఒంటరిగా వెళ్ళలేడు, అక్కకి ఆఫీసు, కాబట్టి తండ్రీకూతుళ్ళిద్దరికీ తోడు నేను.

డాక్టరమ్మ నింపాదిగా మాట్లాడే మనిషి. విరిగిన కొస అతికించి, అసలు విషయం అది కాదు అంది. పిల్ల పై దవడ ముందుకి పరుగెడుతోంది, కిందిది వెనకబడింది, ఎదిగే వయసు ఇదే, ఈ రెండేళ్ళు దాటితే ఎముక మాట వినదు అని చెప్పింది. సొరుగులోంచి ఒక తీగ తీసి చూపించింది. వెనక దంతాలకి రెండు చిన్న గొట్టాలు అతికిస్తారు. తీగ కొసలు అందులో దూరతాయి. తీగ పెదాల మధ్యనుంచి బయటికి వచ్చి రెండు బుగ్గల మీదుగా వెనక్కి వెళ్తుంది. మెడవెనక సాగే పట్టీ దాన్ని లాగి పట్టుకుంటుంది. హెడ్‌గేర్ అంటారట. రోజుకి పద్నాలుగు గంటలు. బడికీ ఆటకీ తిండికీ తీసెయ్యచ్చు.

పళ్ళని వెనక్కి నెడతారా అని అడిగాడు బావ. ఒక్క పళ్ళనే కాదు, పై దవడ దూకుడునీ కాస్త పట్టి ఉంచుతాం అంది ఆవిడ. “పరుగులో ముందున్నవాడి చొక్కా వెనకనుంచి పట్టుకున్నారనుకోండి. వెనకున్నవాడు తన నడకతోనే వచ్చి కలుస్తాడు. అంతే.”

అయితే ముఖం మారుతుందా అని బావ. కొంత అని ఆవిడ. ఎంత? చూద్దాం.

ఆ ‘చూద్దాం’ మా బావకి గొంతులో ముల్లు. ఆయన వృత్తిలో ఏ ముఖమైనా అయిదు నిమిషాల్లో తేలిపోవాలి. తడి ఆరకముందే కత్తిరించి కవరులో పెట్టివ్వాలి. ఏడాదిపాటు తేలని ముఖం ఆయన ఎక్కడా చూడలేదు.

పక్కనుంచి తీసిన ఎక్స్‌రే ఒకటి కావాలి, అలాగే పక్కనుంచి ఫొటో ఒకటి కావాలి, ఫొటో ఇక్కడే మేము... అని డాక్టరమ్మ అంటూ ఉండగానే బావ లేచి నిలబడ్డాడు. ఫొటో సంగతి తనకి వదిలెయ్యమన్నాడు. ఒకటేమిటి, నెలనెలా తీసి, అన్నీ కలిపి ఒకేసారి తెచ్చిస్తానన్నాడు. ఇంటికి వచ్చేదాకా మనిషి నేలమీద లేడు.

మర్నాడే ఏర్పాట్లు. స్టూడియో నేలమీద పసుపు టేపుతో పిట్ట పాదాల గుర్తులు అతికించాడు. కప్పునుంచి దారం కట్టి, కొసన పాత తాళంచెవి వేలాడదీశాడు, తల నిటారుగా ఉందో లేదో ఆ దారంతో పోల్చి చూడ్డానికి. కెమెరా కాళ్ళచుట్టూ సుద్దతో గీతలు గీశాడు. ఆ గీతలమీద కాలు పెట్టానని నన్ను రెండురోజులు పలకరించలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున పదింటికి అదే దీపం, అదే దూరం, అదే కుడిపక్క. ఆసుపత్రిలోవాళ్ళు కూడా ఇంత నిక్కచ్చిగా తీయరు. ఆ మాట ఆయనే అన్నాడు, నాలుగైదుసార్లు.

పిట్ట మొదటి వారం బాగా అవస్థ పడింది. దవడ సలుపు. పక్కకి తిరిగి పడుకోవడానికి లేదు. వాళ్ళ నానమ్మ, అంటే బావ వాళ్ళమ్మ, ఆ తీగని చూసి, ఆడపిల్లకి గుర్రం కళ్ళెం వేశార్రా అని ఒక రోజంతా అన్నం మానేసింది. పిట్ట మాత్రం బీరువా తలుపు మీద గళ్ళ కాయితం అతికించుకుని, పద్నాలుగు గంటలు నిండిన రోజున ఒక టిక్కు పెట్టుకోవడం మొదలెట్టింది. పన్నెండే అయితే టిక్కు లేదు. పదమూడున్నర అయినా లేదు. ఈ లెక్కలో అది అచ్చం వాళ్ళ నాన్నే. పాలు పోసే ఆయన అదేమిటమ్మా మూతికి అని అడిగితే, ఆకాశంలో విమానాలవాళ్ళు మాట్లాడుకునేది వినపడుతుందని చెప్పిందట. ఆయన నాలుగురోజులు మా ఇంటి ముందు నిలబడి పైకి చూసేవాడు.

ఆరో నెలలో మెడపట్టీ సాగిపోయి వదులైంది. డాక్టరమ్మ కొత్తది ఇచ్చింది. పాతదాన్ని పారెయ్యబుద్ధికాక పిట్ట స్టూడియోలో దువ్వెన పక్కన మేకుకి తగిలించింది.

ఎనిమిదో నెల వచ్చేసరికి మా అందరికీ బుర్ర తిరగడం మొదలైంది.

నానమ్మ పిల్ల ముఖం పొడుగైందంది. అక్కేమో గుండ్రమైందంది. ఎదురుకొట్టు కుట్టుమిషను ఆవిడ, గడ్డం ముందుకొచ్చింది కనపడ్డంలా అని మమ్మల్నే గద్దించింది. కరెంటు మేస్త్రీ మాత్రం తనకి ముక్కు పెరిగినట్టుందన్నాడు. నా సంగతి ఇంకా అన్యాయం. ఎవరు ఏమంటే నాకు అదే కనపడేది. నానమ్మతో మాట్లాడి వచ్చి చూస్తే పొడుగు, అక్క మాట విని చూస్తే గుండ్రం. ఒకే పూట ఒకే పిల్ల రెండు ఆకారాల్లో కనపడితే తప్పు పిల్లదా, చూసేవాడిదా?

బావ ఫోనులో చదవడం మొదలెట్టాడు. హెడ్‌గేర్ వల్ల ముఖం చప్పిడైపోతుందని ఒకరు. ఏమీ కాదు, ఎదగాల్సిందెలాగూ ఎదుగుతుందని ఇంకొకరు. మూడో ఆయన అద్భుతం అంటూ వైద్యానికి ముందూ తర్వాతా ఫొటోలు పెట్టాడు. వాటిని బావ ఒక్క చూపులో పట్టేశాడు. “దీపం మార్చాడు. టచింగ్ కూడా ఉంది. చూడు, ఇక్కడ గడ్డం దగ్గర. ఇలాంటివాళ్ళవల్లే మా వృత్తికి చెడ్డపేరు” అన్నాడు. నేను అవునన్నాను. నా లైసెన్సు నా జేబులోనే ఉంది.

ఎవరి మాటా వద్దు, ఫొటోలే చెప్తాయని చివరికి తేల్చాడు. మొదటిదీ, తర్వాత నెలకొకటి చొప్పున ఎనిమిదీ, మొత్తం తొమ్మిది ఫొటోలు తెచ్చి నా కొట్లో అద్దాల బల్లమీద వరసగా పేర్చాడు. ముక్కుకొసనుంచి పెదవికి, పెదవినుంచి గడ్డానికి స్కేలు పెట్టి కొలిచాడు. కాయితం మీద రాసుకున్నాడు. మళ్ళీ కొలిచాడు. నన్ను కొలవమన్నాడు. నేనూ కొలిచాను.

తొమ్మిదింటిలోనూ ఒకటే కొలత. వెంట్రుకవాసి తేడా లేదు.

బావ స్కేలు కింద పెట్టేశాడు. ఎనిమిది నెలలు పిల్లని కట్టేసి పడుకోబెట్టాం, వెంట్రుకవాసి కూడా కదల్లేదు అన్నాడు. ఇవాళే తీసేద్దామన్నాడు. అప్పటికి పిట్ట నా కొట్లో మూల స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది, మూతికి తీగతో. పెన్సిలు ఆపి, తీసేస్తే మళ్ళీ పెట్టరా అని అడిగింది. పెట్టరన్నాడు బావ. ఇన్నాళ్ళ టిక్కులు ఏమవుతాయంది. ఆయన ఫొటోలు మళ్ళీ వరసగా సర్దాడు. అప్పుడది తీగ ఊడదీసి, మెల్లగా పెదాలు రెండూ మూసి, అలా మూసుకునే మ్మ్‌మ్మ్ అంటూ చిన్న కూనిరాగం తీసింది.

“ఇంతకుముందు ఇలా వచ్చేది కాదు నాన్నా. ఇప్పుడు లాక్కోకుండానే మూసుకుంటున్నాయి.”

బావ బల్లమీద ఫొటోలు చూశాడు. “ఫొటోలో ఏం లేదమ్మా.”

“ఫొటోని కాదు, నన్ను చూడు.”

చూశాడు. చూడలేదని అనను. కానీ చూసి, మళ్ళీ ఫొటో చూసి, తల అడ్డంగా ఊపాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి, ఈసారి కుందేలు ఎదురుగా కూర్చుని నాలుగు కాళ్ళూ చూపిస్తున్నా మూడే లెక్కపెట్టాడు. పిట్ట తీగ మళ్ళీ పెట్టుకుని లెక్కల్లోకి వంగింది. ఆ తర్వాత చాలాసేపు పెన్సిలు కదల్లేదు.

శనివారం పొద్దున తొమ్మిది ఫొటోలూ కవరులో పెట్టుకుని, దెబ్బలాడ్డానికి సిద్ధమై బావ, ఆపడానికి నేను, పిట్ట, ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు పిల్ల నోరు చూసింది. చిన్న స్కేలు పెట్టి కొలిచి, మొదట్లో తొమ్మిది మిల్లీమీటర్ల సందు, ఇప్పుడు అయిదున్నర, బాగానే నడుస్తోంది, శభాష్ అంది. బావ కవరు విప్పి ఫొటోలు బల్లమీద పరిచాడు. మరి వీటి సంగతేమిటండీ అన్నాడు.

ఆవిడ ఒకటొకటే చూసింది. కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. మొదటి ఫొటో చేతిలో పట్టుకుని పిల్లవైపు చూసింది. తర్వాత ఆవిడకీ అయోమయం అంటుకుంది.

“ఒక మాట చెప్పండి. పదేళ్ళ పిల్ల ఎనిమిది నెలల్లో ఎదుగుతుంది. నేను వైద్యం చేసినా చెయ్యకపోయినా ముఖం కొంత మారితీరాలి. ఇందులో అది కూడా లేదేం?”

ఆ ప్రశ్న మా ఇద్దరికీ తట్టనేలేదు. హెడ్‌గేర్ పనిచేసిందా లేదా అని కొలిచాం గానీ, పిల్ల ఎదిగిందా లేదా అని ఎవరం అడిగాం? పోయిన నెలే దానికి కొత్త చెప్పులు కొన్నాం.

ఆవిడ లేచి ఫైల్లోంచి మొదటి ఎక్స్‌రే తీసి వెలుతురు పెట్టె మీద పెట్టింది. మొదటి ఫొటో తీసిన వారమే తీసింది. అందులో ఎముకలతోపాటు ముఖం అంచు కూడా పొగలా కనపడుతుంది. ముక్కుకొసమీద, గడ్డంమీద ఆనేలా పారదర్శకపు స్కేలు ఆనించింది. పై పెదవి ఆ గీత దాటి బయటికి పొడుచుకు వచ్చింది, గడ్డం బాగా లోపల. అదే స్కేలు ఫొటోమీద ఆనించింది. పెదవి బుద్ధిగా గీత లోపలే ఉంది. గడ్డం ముందుకొచ్చి నిలబడింది.

“వీళ్ళిద్దరూ ఒక పిల్ల కాదు. ఈ ఫొటోలు దిద్దారా?”

లేదండీ అన్నాడు బావ. కన్నకూతురి వైద్యం ఫొటోలు దిద్దడానికి నాకేం పిచ్చా అన్నాడు. పసుపు టేపు సంగతి చెప్పాడు. తాళంచెవి దారం సంగతి చెప్పాడు. నిజం చెప్పేవాడి గొంతు అది. నేను కిటికీ బయటికి చూశాను. ఎందుకంటే నాకు అప్పుడే నా జుట్టు గుర్తొచ్చింది.

దారిపొడవునా ఆయన గొణుగుతూనే ఉన్నాడు. ఎక్స్‌రే మారిపోయి ఉంటుంది, వేరే పిల్లదై ఉంటుంది, మిషను వంకర అయి ఉంటుంది. నాకు తెలిసింది చెప్పాలా వద్దా అని నాలో నేను నలిగాను. చెప్తే నమ్మడు. చివరికి ఇలా అన్నాను: బావా, ఇప్పుడే ఇంకొక ఫొటో తియ్యి. నేనూ అక్కా పక్కన నిలబడి చూస్తాం. ఎక్కడ తేడా వస్తోందో తేలిపోతుంది.

శనివారం కాబట్టి అక్క ఇంట్లోనే ఉంది. పిట్ట పసుపు పాదాల మీద నిలబడింది. దారం సరిచూశాడు. నొక్కాడు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పిట్ట కుడిపక్క ముఖం తెరమీదికి వచ్చింది. పెదాలు మూసుకుని ఉన్నాయి, నిజంగానే మూసుకుని ఉన్నాయి. గడ్డం ఇంకా కొంచెం వెనకే ఉంది. ఇప్పుడు చెప్పండి అన్నాడు బావ. ఇందులో మోసం ఎక్కడుంది అన్నాడు. ఆ డాక్టరమ్మ నన్ను పట్టుకుని దిద్దారా అంటుందా, ఇరవై ఆరేళ్ళ అనుభవం నాది అన్నాడు. అంటూ ఉండగానే చెయ్యి బయల్దేరింది.

పై పెదవిని లోపలికి నొక్కింది. కింది పెదవిని సర్దింది. గడ్డం పట్టుకుని మెత్తగా, ప్రేమగా, ముందుకి లాగింది. ముక్కుకొసకీ గడ్డానికీ మధ్య ఆయనకి మాత్రమే కనపడే గీత ఏదో ఉంది, దాని దగ్గర ఆగింది. నోరు మాత్రం ఆగలేదు, ఎక్స్‌రే సెంటరువాళ్ళ మీద కేసు పెట్టే దాకా వెళ్ళింది.

అక్క ఆయన భుజంమీద వేలు పెట్టింది. “ఏమండీ. మీ చెయ్యి చూసుకోండి.”

బావ చూసుకున్నాడు. చెయ్యి ఇంకా గడ్డం దగ్గరే ఉంది. పాలగిన్నె దగ్గర పట్టుబడ్డ పిల్లిలా కదలకుండా ఉంది. ఎవరిదో చెయ్యి అన్నట్టు దాన్ని పైకెత్తి, ఇటూ అటూ తిప్పి చూశాడు. నాకు నవ్వు వచ్చింది, కానీ నవ్వలేదు. పిట్ట ముఖం కనపడింది.

అది తెరముందుకి వచ్చి నిలబడింది. నెమ్మదిగా అడిగింది. నా బడి కార్డు ఫొటో కూడా ఇలాగేనా? ఒకటో క్లాసుదా? హాల్లో పటం కట్టించిందా? నా పుట్టినరోజులవా?

అన్నీ ఆయన తీసినవే. ఫొటోలు తీసిన కెమెరా కార్డుని వారంవారం తుడిచేస్తాడు. దిద్దినవే మిగులుతాయి. అంటే పదకొండేళ్ళ పిల్లకి తనదైన ముఖం ఉన్న ఫొటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

“నా ముఖం నీకు నచ్చలేదా నాన్నా?”

ఇలాంటప్పుడు చెప్పడానికి తండ్రులకి మంచి మాటలు చాలా ఉంటాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అని నానమ్మ రోజూ అనే మాటే ఉంది. బావకి అవేవీ అందలేదు. గదంతా వెతికినట్టు చూశాడు. నా దగ్గర ఆగాడు.

“నేను ఎవరి ముఖమూ అలా వదల్లేదమ్మా. మీ మామయ్యకి జుట్టు పెట్టాను. మేస్త్రీకి మెడ పెట్టాను. మీ అమ్మకి... పోనీలే. నచ్చకపోవడం కాదు. అసలు నేను చూశానో లేదో నాకే తెలియట్లేదు.”

నాకేం పెట్టారో ఇప్పుడు చెప్పండి అంది అక్క. ఆ ప్రశ్నకి జవాబు ఇవాళ్టికీ రాలేదు.

పిట్ట ఇంట్లోకి వెళ్ళిపోయింది. బావ తెరముందే కూర్చుండిపోయాడు. కాసేపటికి, బడివాళ్ళు నాలుగో క్లాసులో తీయించిన గ్రూపు ఫొటో ఏమైంది అని అడిగాడు. ఎవరో వేరే ఫొటోగ్రాఫరు తీశాడు. అది ఇంటికి వచ్చినరోజు బావ దాన్ని ఒక్క నిమిషం చూసి, ఇది ఫొటోనా, పిల్లలందరూ ఎండకి కళ్ళు చికిలించారు, దీపం లేదు, వరస లేదు, చెత్త అని పక్కన పడేశాడు. అదే ఇప్పుడు ఇల్లంతా వెతికించాడు. నానమ్మ మందుల డబ్బా అడుగున దొరికింది. జారకుండా అడుగున పరుచుకుందట.

మూడో వరసలో, చివరినుంచి రెండో పిల్ల. పక్కపిల్ల ఏదో అన్నట్టుంది, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. పళ్ళన్నీ ముందుకే ఉన్నాయి. గడ్డం ఎక్కడో లోపల దాక్కుంది. బావ భూతద్దం పెట్టి చూశాడు. ఎంతసేపు చూశాడంటే, నేను వెళ్ళి రెండు జిరాక్సులు తీసిచ్చి వచ్చినా అలాగే ఉన్నాడు. తర్వాత పిట్టని పిలిచాడు. పక్కన నిలబెట్టుకుని ఫొటో చూశాడు, పిల్లని చూశాడు. ఈసారి ఎక్కువసేపు పిల్లనే చూశాడు.

“మారింది. కాస్త మారింది” అన్నాడు. ఆ వెంటనే, “మారిందా?” అన్నాడు నావైపు తిరిగి. నాకేం తెలుసు బావా అన్నాను. నవ్వే ముఖాన్ని, నవ్వని ముఖాన్ని, ముందునుంచి తీసినదాన్ని, పక్కనుంచి తీసినదాన్ని పోల్చి ఎవడు చెప్పగలడు?

సోమవారం ఆ గ్రూపు ఫొటో పట్టుకుని, తలవంచుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆవిడ నవ్వి, ఎక్స్‌రే ఉందిగా, ఏడాది నిండాక ఇంకొకటి తీసి రెండూ పోలుద్దాం, తీగ మాత్రం తియ్యొద్దు అంది. బావ ఒక్కటే అడిగాడు. వచ్చిన మార్పులో హెడ్‌గేర్ వల్ల వచ్చిందెంత, పిల్ల తనంతట ఎదిగిందెంత?

“ఒక్క పిల్లలో అది విడదీసి చెప్పలేనండీ. ఇదే పిల్ల హెడ్‌గేర్ లేకుండా ఎలా ఎదిగేదో చూడ్డానికి ఇంకో పిట్ట లేదు కదా.”

ఆ మాట బావకి ఇప్పటికీ మింగుడుపడలేదు. రోజుకొకసారైనా కిటికీలోంచి తల దూర్చి, ఎంతయి ఉంటుంది బామ్మర్దీ, సగం సగమా అని అడుగుతాడు. నేను ఒకరోజు సగం అంటాను, ఒకరోజు పావు అంటాను. రెండింటికీ తల ఊపుతాడు.

తర్వాతి నెల మొదటి ఆదివారం, పదింటికి, పిట్ట పసుపు పాదాల దగ్గరికి వచ్చింది. పాదాలు గుర్తుల్ని దాటిపోయాయి. పాత టేపు పీకి కొత్తది అతికించాల్సి వచ్చింది. ఇది ముందే చూసి ఉంటే సరిపోయేది కదా అని నేను అనబోయి ఊరుకున్నాను. బావ దారం చూశాడు, నొక్కాడు, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ముఖం తెరమీదికి వచ్చింది. గడ్డంమీద చిన్న మొటిమ కూడా ఉంది.

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపు బాగానే ఉన్నాడు. ఈ మొటిమ రేపటికి పోయేదే కదా, ఇది ముఖం లెక్కలోకి రాదు కదా అన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది.

పిట్ట దువ్వెన పక్కన మేకుకి వేలాడుతున్న పాత మెడపట్టీ తీసుకొచ్చింది. వాళ్ళ నాన్న మణికట్టుకి ఒక చుట్టు చుట్టి, కుర్చీ చేతికి కట్టేసింది. సాగిపోయిన పట్టీయే గానీ, ఆమాత్రం చేతికి చాలు.

“రోజుకి పద్నాలుగు గంటలు నాన్నా. పన్నెండైతే టిక్కు పెట్టను.”

“ఈ వయసులో ఎముక మాట వినదేమో అమ్మా” అన్నాడు బావ.

“చూద్దాం” అంది పిట్ట. అంది గానీ, ఆయన పక్కనుంచి కదల్లేదు. ప్రింటు మీట నన్ను నొక్కమంది. మొటిమతో సహా వచ్చింది.